శంషాబాద్ డ్రోన్ టు హేగ్ కోర్టు.. ఇక్కడ తయారైన ఆయుధం అక్కడ యుద్ధ నేరంలో వాడితే బాధ్యత ఎవరిది?

షాద్‌నగర్: గాజా ఎక్కడ.. శంషాబాద్ ఎక్కడ? మధ్యలో వేల కిలోమీటర్లు. అయినా గత రెండు మూడేళ్లుగా ఈ రెండు పేర్లూ ఒకే వార్తలో కనిపిస్తున్నాయి. కారణం.. హెర్మెస్ 900 అనే డ్రోన్. ఇజ్రాయెల్ డిజైన్ చేసిన ఈ డ్రోన్ మన ఎయిర్‌పోర్టు వైపు ఉన్న ఫ్యాక్టరీలో తయారవుతోంది.

ఇక్కడ తయారైన డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని కథనాలు రావడంతో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు పిటిషన్‌ను కొట్టేసింది. కానీ అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఒక దేశంలో తయారైన ఆయుధాన్ని మరో దేశం యుద్ధ నేరంలో వాడితే.. తయారు చేసిన కంపెనీకి, పర్మిషన్ ఇచ్చిన ప్రభుత్వానికి, అక్కడ పనిచేసే ఉద్యోగికి బాధ్యత ఉంటుందా? అంతర్జాతీయ దర్యాప్తు ఎలా జరుగుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముఖ్యాంశాలు

* తయారీ, ఎగుమతి, వాడకం.. చట్టం దృష్టిలో ఈ మూడూ వేర్వేరు విషయాలు
* సరఫరా చేసినవాళ్లకు శిక్ష పడిన కేసులు 1946 నుంచే ఉన్నాయి. కీలకం ఒక్కటే.. 'తెలిసి ఇచ్చారా?'
* భారత్‌లో ఈ విషయం విదేశాంగ విధానం కిందకు వస్తుందని, తాము జోక్యం చేసుకోలేమని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది
* నెదర్లాండ్స్ కోర్టులు మాత్రం వేరే దారిలో వెళ్లాయి

ఫ్యాక్టరీ కథ ఏంటి?

అదానీ గ్రూప్, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ సిస్టమ్స్ కలిసి పెట్టిన జాయింట్ వెంచర్ ఇది. అదానీ వాటా 51 శాతం, ఎల్బిట్ వాటా 49 శాతం. 2018 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని అదానీ ఏరోస్పేస్ పార్క్‌లో 50 వేల చదరపు అడుగుల యూనిట్ ప్రారంభమైంది. ఇజ్రాయెల్ బయట హెర్మెస్ 900 తయారీకి ఇదే మొదటి కేంద్రమని అప్పట్లో కంపెనీ గొప్పగా ప్రకటించుకుంది.

ఈ డ్రోన్ మన దేశ అవసరాలకూ పనికొస్తోంది. 2024 జనవరి 10న అప్పటి నేవీ చీఫ్ అడ్మిరల్ ఆర్.హరికుమార్ హైదరాబాద్‌లో 'దృష్టి-10 స్టార్‌లైనర్' డ్రోన్‌ను జెండా ఊపి పంపించారు. హెర్మెస్ 900 ఆధారంగానే దాన్ని తయారు చేశారు. ఏకధాటిగా 36 గంటల వరకు గాల్లో ఉండగలదు. సముద్రంపై నిఘా కోసం దాన్ని నేవీ తీసుకుంది.

ఇదొక్కటే కాదు. ఆదిభట్లలో టాటా-బోయింగ్ ప్లాంట్ అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారు చేస్తోంది. అంటే ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ప్రాంతం ఇప్పుడు ప్రపంచ రక్షణ పరిశ్రమలో ఒక భాగం. వేలాది మంది మన పిల్లలకు ఉద్యోగాలు ఇస్తున్న రంగం ఇది. కాబట్టి ఈ ప్రశ్న ఎక్కడో హేగ్‌లో లాయర్లు మాట్లాడుకునేది మాత్రమే కాదు, మన ఇంటి పక్కదే.

సుప్రీంకోర్టులో ఏం జరిగింది?

హైదరాబాద్‌లో తయారైన 20కి పైగా హెర్మెస్ 900 డ్రోన్లు ఇజ్రాయెల్‌కు అందాయని 2024 ఫిబ్రవరిలో మీడియా కథనాలు వచ్చాయి. ఆ సమయానికి భారత ప్రభుత్వం గానీ, ఇజ్రాయెల్ గానీ దీనిపై అధికారికంగా ప్రకటన చేయలేదు.

ఆ తర్వాత రిటైర్డ్ అధికారి అశోక్ కుమార్ శర్మ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టులో పిల్ వేశారు. ఇజ్రాయెల్‌కు ఆయుధాలు పంపేందుకు భారత కంపెనీలకు ఇచ్చిన లైసెన్సులు రద్దు చేయాలని, కొత్తవి ఇవ్వొద్దని కోరారు. పిటిషనర్ల తరఫున ప్రశాంత్ భూషణ్ వాదించారు. జెనోసైడ్ కన్వెన్షన్‌పై భారత్ సంతకం చేసింది కాబట్టి, మారణహోమం జరిగే ప్రమాదం ఉందని తెలిసీ ఆయుధాలు పంపకూడదన్నది వాళ్ల వాదన.

2024 సెప్టెంబర్ 9న అప్పటి సీజేఐ జస్టిస్ డీవై చంద్రచూడ్, జస్టిస్ జేబీ పార్దివాలా, జస్టిస్ మనోజ్ మిశ్రాల ధర్మాసనం పిటిషన్‌ను కొట్టేసింది. కోర్టు చెప్పిన కారణాలు క్లుప్తంగా ఇవీ..

* విదేశీ వ్యవహారాలు నడపడం కేంద్ర ప్రభుత్వం పని
* పిటిషనర్లు అడిగింది ఇవ్వాలంటే ఇజ్రాయెల్‌పై ఆరోపణలు నిజమా కాదా అని తేల్చాలి. సర్వసత్తాక దేశమైన ఇజ్రాయెల్ మన కోర్టుల పరిధిలోకి రాదు
* కంపెనీలు చేసుకున్న కాంట్రాక్టులు ఆపేస్తే వచ్చే పరిణామాలను కోర్టు అంచనా వేయలేదు

విచారణలో రష్యా ఆయిల్ ప్రస్తావన కూడా వచ్చింది. రష్యా నుంచి చమురు కొనొద్దని కోర్టు చెప్పగలదా అని ధర్మాసనం ప్రశ్నించింది. ఇక్కడ ఒక పాయింట్ గుర్తుపెట్టుకోవాలి. ఎగుమతి సరైనదేనని కోర్టు చెప్పలేదు. తప్పు అని కూడా చెప్పలేదు. ఆ నిర్ణయం తమది కాదు, ప్రభుత్వానిది అని మాత్రమే చెప్పింది.

అసలు యుద్ధ నేరం అంటే ఏంటి?

ఫోన్‌లో కూలిపోయిన బిల్డింగ్ వీడియో చూడగానే 'ఇది యుద్ధ నేరం' అని కామెంట్ పెట్టేస్తాం. చట్టం అంత సింపుల్‌గా ఉండదు. యుద్ధంలో చనిపోయిన ప్రతి పౌరుడి మరణం నేరం కిందకు రాదు. అలాగని శత్రువు అక్కడే దాక్కున్నాడని చెప్పగానే ప్రతి దాడీ చెల్లిపోదు.

1949 జెనీవా ఒప్పందాలు, ఆ తర్వాతి నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారులు ముఖ్యంగా చూసేవి ఇవి..

* తేడా చూశారా? సైనికులు ఎవరు, పౌరులు ఎవరు అని వేరు చేయాలి. పౌరులను కావాలని టార్గెట్ చేస్తే యుద్ధ నేరమే
* దామాషా ఉందా? సైనికంగా వచ్చే లాభంతో పోలిస్తే పౌరులకు జరిగే నష్టం మరీ ఎక్కువైతే ఆ దాడి చేయకూడదు
* ముందుజాగ్రత్త తీసుకున్నారా? టార్గెట్‌ను సరిచూసుకోవాలి, వీలైతే హెచ్చరించాలి
* చేతికి చిక్కినవాళ్లను ఎలా చూశారు? బందీలను పట్టుకోవడం, హింసించడం, ఆకలితో మాడ్చడం.. ఇవన్నీ నేరాలే

ఈ రూల్స్ రెండు పక్షాలకూ ఒకటే. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా తీసుకెళ్లారు. ఆ తర్వాత ఇజ్రాయెల్ దాడుల్లో 2025 అక్టోబర్ నాటికి 67 వేల మందికి పైగా చనిపోయారని గాజా ఆరోగ్య శాఖ లెక్క. ఒకరు చేసిన నేరం రెండోవాళ్ల నేరానికి లైసెన్స్ కాదు. అంతర్జాతీయ చట్టంలో ఇది మొదటి పాఠం.

దర్యాప్తు చేసేది ఎవరు?

హేగ్ కోర్టు అనగానే చాలామంది రెండింటిని కలిపేస్తారు. నిజానికి అక్కడ రెండు వేర్వేరు కోర్టులున్నాయి.

ఐసీజే: అంతర్జాతీయ న్యాయస్థానం. ఇక్కడ దేశం మీద దేశం కేసు వేస్తుంది. మనుషులను జైలుకు పంపదు. 2023 డిసెంబర్ 29న దక్షిణాఫ్రికా ఇజ్రాయెల్‌పై జెనోసైడ్ కన్వెన్షన్ కింద కేసు వేసింది ఇక్కడే. 2024 జనవరి 26న కోర్టు తాత్కాలిక ఆదేశాలు ఇచ్చింది. భారత్‌కు చెందిన జడ్జి దల్వీర్ భండారీ కూడా మెజారిటీ వైపే ఓటేశారు. తుది తీర్పుకు ఏళ్లు పడుతుంది.

ఐసీసీ: అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు. ఇక్కడ నిందితులు వ్యక్తులు. 2002లో పని మొదలుపెట్టింది. 120కి పైగా దేశాలు సభ్యులు. భారత్, అమెరికా, చైనా, ఇజ్రాయెల్ సభ్యులు కావు. పాలస్తీనా 2015లో చేరింది కాబట్టి ఆ గడ్డ మీద జరిగిన నేరాలపై తమకు అధికారం ఉందన్నది కోర్టు వాదన. 2024 నవంబర్ 21న ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, మాజీ రక్షణ మంత్రి గాలంట్, హమాస్ కమాండర్ మహమ్మద్ డెయిఫ్‌లపై వారెంట్లు ఇచ్చింది. డెయిఫ్ చనిపోయినట్టు నిర్ధారణ కావడంతో అతనిపై కేసు మూసేశారు. వారెంట్లను ఇజ్రాయెల్ తిరస్కరించింది.

యూఎన్ విచారణ కమిషన్: ఇది కోర్టు కాదు. ఆధారాలు సేకరించి నివేదిక ఇస్తుంది. 2021లో ఏర్పాటైన ఈ కమిషన్‌కు దక్షిణాఫ్రికా న్యాయమూర్తి నవీ పిళ్లై చైర్‌పర్సన్‌గా పనిచేశారు. భారతీయుడు మిలూన్ కొఠారీ సభ్యుడిగా ఉన్నారు. గాజాలో ఇజ్రాయెల్ జెనోసైడ్‌కు పాల్పడిందని 2025 సెప్టెంబర్ 16న కమిషన్ తేల్చింది. ఆ నివేదిక అబద్ధాల పుట్ట అంటూ ఇజ్రాయెల్ కొట్టిపారేసింది. ఆ తర్వాత కమిషన్ బాధ్యతలు ఒరిస్సా హైకోర్టు మాజీ చీఫ్ జస్టిస్ ఎస్.మురళీధర్‌కు అప్పగించారు.

ఆధారాలు ఎలా పట్టుకుంటారు?

యుద్ధం జరిగే చోటికి దర్యాప్తు అధికారులను చాలాసార్లు రానివ్వరు. అందుకే దూరం నుంచి సాక్ష్యం కూడగడతారు.

మొదటిది శకలాలు. పేలిన బాంబు, మిసైల్ ముక్కల మీద సీరియల్ నంబర్లు, పార్ట్ నంబర్లు దొరుకుతాయి. వాటిని పట్టుకుని ఫ్యాక్టరీ దాకా వెనక్కి వెళ్లొచ్చు. అయితే డ్రోన్‌తో చిక్కుంది. డ్రోన్ దాడి చేసి తిరిగి వెళ్లిపోతుంది. ఘటనా స్థలంలో మిగిలేది అది వదిలిన ఆయుధం ముక్కలే. ఏ డ్రోన్ వదిలిందో చెప్పే రికార్డు ఆ సైన్యం దగ్గరే ఉంటుంది.

2024 ఏప్రిల్ 1న గాజాలో వరల్డ్ సెంట్రల్ కిచెన్ వాహనాలపై జరిగిన దాడే ఉదాహరణ. అన్నం పెట్టడానికి వెళ్లిన ఏడుగురు చనిపోయారు. డ్రోన్ దాడి అని ఇజ్రాయెల్ సైన్యమే ఒప్పుకుని, టార్గెట్‌ను తప్పుగా గుర్తించామని చెప్పింది. ఇద్దరు అధికారులను తొలగించింది. వాడింది హెర్మెస్ 450 అని ఇజ్రాయెల్ మీడియా రాసింది. హైదరాబాద్ ఫ్యాక్టరీ పేరు వినిపించేది హెర్మెస్ 900 విషయంలో. రెండూ వేర్వేరు మోడళ్లు. సోషల్ మీడియాలో ఈ రెండింటిని కలిపి 'మన డ్రోనే చంపింది' అని రాసేవాళ్లున్నారు. దర్యాప్తులో అలాంటి లంకె నిలబడదు.

రెండోది శాటిలైట్ చిత్రాలు. షాద్‌నగర్‌వాళ్లకు ఇది కొత్త కాదు. ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ గ్రౌండ్ స్టేషన్ ఇక్కడే ఉంది. పంటలు, వరదలు, అడవుల సమాచారం ఇచ్చే ఉపగ్రహాల డేటా ఇక్కడికే దిగుతుంది. సరిగ్గా ఇలాంటి టెక్నాలజీనే యుద్ధ నేరాల దర్యాప్తులోనూ వాడతారు. నిన్న పొలం, ఇవాళ తవ్విన మట్టి. ఆ తేడాయే క్లూ. 1995 ఆగస్టులో బోస్నియాలోని స్రెబ్రెనిట్సా దగ్గర సామూహిక సమాధుల అనుమానంతో తీసిన ఆకాశ చిత్రాలను అమెరికా రాయబారి మాడలిన్ ఆల్‌బ్రైట్ భద్రతా మండలికి చూపించారు. తర్వాత తవ్వకాల్లో శవాలు బయటపడ్డాయి. గాజాలో కూలిన భవనాల లెక్కలు కూడా యూఎన్ సంస్థ యూనోశాట్ ఇలాంటి చిత్రాలతోనే కడుతోంది. అయితే శాటిలైట్ ఏం జరిగిందో చూపిస్తుంది, ఎవరు ఎందుకు చేశారో చెప్పదు. దానికి మనుషుల సాక్ష్యం కావాల్సిందే.

మూడోది మొబైల్ వీడియో. 2017 ఆగస్టులో లిబియా కమాండర్ మహమూద్ అల్ వెర్ఫల్లీపై ఐసీసీ వారెంట్ ఇచ్చింది. సోషల్ మీడియాలో తిరిగిన కాల్చివేత వీడియోలే అందులో కీలక ఆధారం. ఇలాంటి వీడియోలను ఎలా సేకరించాలి, ఎలా సరిచూడాలి అన్నదానిపై 2020లో యూఎన్ మానవ హక్కుల కార్యాలయం, బర్కిలీ యూనివర్సిటీ కలిసి 'బర్కిలీ ప్రోటోకాల్' తెచ్చాయి. ఒరిజినల్ ఫైల్, తీసిన టైమ్, చోటు.. ఈ మూడూ ఉంటేనే విలువ. మ్యూజిక్ కలిపి, కట్ చేసి, పదిసార్లు ఫార్వర్డ్ అయిన క్లిప్ కోర్టులో దాదాపు చిత్తు కాగితంతో సమానం.

సరఫరా చేసినవాళ్లకు శిక్ష పడిందా?

పడింది. మూడు కేసులు చూడండి.

1946, హాంబర్గ్: నాజీ క్యాంపులకు జైక్లాన్-బి విష వాయువు సరఫరా చేసిన కంపెనీ యజమాని బ్రూనో టెష్, అతని కింది అధికారి కార్ల్ వైన్‌బాహర్‌లకు బ్రిటిష్ సైనిక కోర్టు ఉరిశిక్ష వేసింది. మనుషులను చంపడానికే వాడుతున్నారని తెలిసే పంపారన్నది నేరం. అదే కేసులో మూడో నిందితుడైన టెక్నీషియన్ నిర్దోషిగా బయటపడ్డాడు. సరఫరాను ఆపగలిగే స్థానంలో అతను లేడు.

2005, నెదర్లాండ్స్: సద్దాం హుస్సేన్ ప్రభుత్వానికి మస్టర్డ్ గ్యాస్ తయారీకి పనికొచ్చే రసాయనాలు అమ్మిన వ్యాపారి ఫ్రాన్స్ వాన్ ఆన్‌రాట్‌కు 15 ఏళ్ల జైలు పడింది. యుద్ధ నేరాల్లో తోడ్పాటు రుజువైంది. జెనోసైడ్‌లో తోడ్పాటు మాత్రం రుజువు కాలేదు. ఆ ఉద్దేశం గురించి అతనికి తెలుసని నిరూపించలేకపోయారు.

2012, సియెర్రా లియోన్ కోర్టు: తిరుగుబాటుదారులకు ఆయుధాలతో సహా సాయం చేసినందుకు లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు 50 ఏళ్ల శిక్ష వేశారు.

మూడింటిలోనూ కోర్టు అడిగింది ఒకటే.. నీకు తెలుసా? తెలిసీ ఇచ్చావా? ఐసీసీ రూల్ ఇంకా కఠినం. నేరం జరగడానికి వీలు కల్పించాలన్న ఉద్దేశంతోనే సాయం చేశారని రుజువు చేయాలి. కాబట్టి షిఫ్ట్‌లో రెక్కలు బిగించే టెక్నీషియన్, క్వాలిటీ చెక్ చేసే ఇంజనీర్ భయపడాల్సిన పరిస్థితి కాదిది. ప్రశ్న ఎదుర్కోవాల్సింది పైన సంతకం పెట్టేవాళ్లు.

వేరే దేశాల్లో ఏం జరిగింది?

* నెదర్లాండ్స్: ఎఫ్-35 యుద్ధ విమానాల విడిభాగాలను ఇజ్రాయెల్‌కు పంపడం ఏడు రోజుల్లో ఆపాలని 2024 ఫిబ్రవరి 12న అప్పీల్ కోర్టు ఆదేశించింది. 2025 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు, నిర్ణయం ప్రభుత్వానిదేనంటూనే ఆరు వారాల్లో లైసెన్స్‌ను మళ్లీ పరిశీలించాలని చెప్పింది
* బ్రిటన్: సుమారు 350 లైసెన్సుల్లో 30 దాకా 2024 సెప్టెంబర్ 2న ప్రభుత్వమే సస్పెండ్ చేసింది. ఎఫ్-35 భాగాలను మాత్రం మినహాయించింది. ఆ మినహాయింపుపై వేసిన కేసును 2025 జూన్‌లో హైకోర్టు కొట్టేసింది
* జర్మనీ: ఆయుధాలు ఆపించాలని నికరాగ్వా ఐసీజేకు వెళ్లింది. 2024 ఏప్రిల్ 30న కోర్టు తాత్కాలిక ఆదేశాలకు ఒప్పుకోలేదు. కానీ యుద్ధంలో ఉన్నవాళ్లకు ఆయుధాలిచ్చే విషయంలో అన్ని దేశాలకూ బాధ్యతలున్నాయని గుర్తుచేసింది
* స్పెయిన్: చెన్నై నుంచి హైఫాకు పేలుడు పదార్థాలతో వెళ్తున్న మరియానె డానికా నౌకను 2024 మేలో తమ పోర్టులో ఆగనివ్వలేదు. అందులో సుమారు 27 టన్నుల సరుకు ఉందని అక్కడి మీడియా రాసింది

మరి మన రూల్స్ ఏంటి?

భారత్ జెనీవా ఒప్పందాలను 1950లో ఆమోదించింది. 1960లో జెనీవా కన్వెన్షన్స్ చట్టం చేసింది. 1959లో జెనోసైడ్ కన్వెన్షన్‌ను ఆమోదించింది కానీ, దానికంటూ దేశంలో ప్రత్యేక చట్టం లేదు. యుద్ధ నేరాలకు వాడతారని తెలిస్తే ఆయుధాలు అమ్మొద్దని చెప్పే ఆయుధ వాణిజ్య ఒప్పందంపై 2013లో యూఎన్‌లో ఓటింగ్ జరిగితే భారత్ దూరంగా ఉంది. ఇప్పటికీ అందులో సభ్యురాలు కాదు.

ఎగుమతి కావాలంటే స్కోమెట్ జాబితా ప్రకారం ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆయుధాల విషయంలో రక్షణ ఉత్పత్తి శాఖ ఓకే చెప్పాలి. సరుకు చివరికి ఎవరి చేతికి చేరుతుందో రాసిన ఎండ్ యూజర్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. ఈ ఫైళ్లు పబ్లిక్‌కు కనిపించవు. 2024 డిసెంబర్‌లో రాజ్యసభలో విదేశాంగ మంత్రి జైశంకర్, ఇలాంటి నిర్ణయాల్లో దేశ భద్రతా ప్రయోజనాలకే మొదటి ప్రాధాన్యమని చెప్పారు. కష్టకాలంలో ఇజ్రాయెల్ భారత్‌కు అండగా నిలిచిందని గుర్తుచేశారు.

ఇకపై ఏం చూడాలి?

తయారీ నేరం కాదు. ఎగుమతి దానంతట అదే నేరం కాదు. కానీ ప్రమాదం ఉందని అందరికీ తెలిశాక కూడా పంపితే.. 'మాకు తెలియదు' అనే మాట బలహీనపడుతుంది. ఐసీజే ఆదేశాలు, ఐసీసీ వారెంట్లు, యూఎన్ నివేదిక వచ్చాక ఏ దేశంలోనైనా లైసెన్స్ ఫైలు మీద సంతకం పెట్టే అధికారికి 'తెలియదు' అని చెప్పే అవకాశం తగ్గిపోయింది. డచ్ కోర్టులు పట్టుకున్న పాయింట్ ఇదే.

మన దగ్గర కోర్టు తలుపు ప్రస్తుతానికి మూసుకుంది. మిగిలింది పార్లమెంటు. ఎన్ని లైసెన్సులు ఇచ్చారు, ఏ దేశానికి ఇచ్చారు, ఇచ్చేముందు మానవతా చట్టం కోణంలో చూశారా.. ఈ మూడు ప్రశ్నలు ఏ ఎంపీ అయినా సభలో అడగొచ్చు. ఈ ప్రాంతం చేవెళ్ల, మహబూబ్‌నగర్, భువనగిరి లోక్‌సభ స్థానాల చుట్టూ ఉంది. ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు రిబ్బన్ కట్ చేయడానికి వచ్చే నేతలను, అక్కడ తయారైంది ఎటు వెళ్తోందని అడిగే హక్కు ఇక్కడి ఓటర్లకు ఉంది.